పాత గేమ్‌లు, కొత్త కంప్యూటర్లు: మీరడిగినవి

పోయిన నెల ఇదే పేజీలో పాత స్ట్రాటజీ గేమ్‌లని కట్టగట్టి కొత్త కంప్యూటర్లకి సరిపడేట్టు మళ్ళీ అమ్ముతున్నారని ఊరికే నాలుగు ముక్కలు రాశా. దానికి ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. ఒకే డౌటు చాలామంది అడిగినచోట ఒకళ్ళదే వేశాం, మిగతావాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: అన్నా, నా దగ్గర ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఒరిజినల్ సీడీ ఉంది, డిగ్రీల ఉన్నప్పుడు కొన్నది. కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదాయె, బయట తగిలించే డ్రైవ్ ఒకటి తెచ్చిన, అయినా గేమ్ నడుస్తలేదు. విండోస్ 11. సీడీ మీద ఒక్క గీత గూడ లేదు. ఏం చెయ్యాలె? (కరీంనగర్)

జవాబు: సీడీది తప్పేం లేదు తమ్ముడూ, తాళాలు మారిపోయాయి.

ఆ రోజుల్లో గేమ్ 32 బిట్‌దే అయినా దాన్ని ఎక్కించే సెటప్ ప్రోగ్రాం మాత్రం చాలావాటికి ఇంకా పాతకాలపు 16 బిట్‌దే ఉండేది, ఇప్పటి 64 బిట్ విండోస్ ఆ 16 బిట్ వాటిని అసలు తెరవనే తెరవదు, విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప రాదు కూడా, కాబట్టి గేమ్ ఆరోగ్యంగా ఉన్నా గుమ్మం దగ్గరే ఆగిపోద్ది. అది దాటినా రెండోది ఉంది, కాపీ కొట్టకుండా డిస్క్‌లో పెట్టిన రక్షణ. సేఫ్‌డిస్క్ అని అప్పట్లో బోలెడు గేమ్‌లకి వాడారు. అది విండోస్ లోపల ఒక డ్రైవర్ పెట్టుకుని డిస్క్ అసలుదా నకిలీదా అని చూసేది. ఆ డ్రైవర్‌లో సెక్యూరిటీ లొసుగు ఉందని మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దానికి చోటే ఇవ్వలేదు, అదే 2015 సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్ పంపి విండోస్ 7, 8లో కూడా ఆపేసింది. దొంగ కాపీ వాడినోడికి ఏ ఇబ్బందీ రాలేదు, డబ్బులు పెట్టి ఒరిజినల్ కొన్నోడే బయట నిలబడ్డాడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మూడోది రంగులు. విండోస్ 7 టైంలో ఈ గేమ్ ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటది, గడ్డి ఎర్రగా, నీళ్ళు ఊదాగా, ఏదో జ్వరంలో చూసినట్టు ఉండేది. ఆ గేమ్ మొత్తం 256 రంగుల పట్టీ మీద నడిచేది, డెస్క్‌టాప్ కూడా అదే టైంలో ఆ పట్టీలో చెయ్యి పెడితే రంగులు కలగాపులగం అయిపోయేవి. అందుకే జనం టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ని ఆపేసి, టాస్క్‌బార్ మాయమైపోయిన ఖాళీ స్క్రీన్ మీద గేమ్ ఆడేవాళ్ళు, అయిపోయాక మళ్ళీ దాన్ని లేపేవాళ్ళు.

మీకు ఓపిక ఉంటే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ అన్నమాట) విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని ఆ సీడీతోనే ప్రయత్నించొచ్చు, కానీ ఆదివారం మొత్తం దానికే పోద్ది. నన్నడిగితే సీడీ దాచుకోండి, ఆడటానికి ఇదే గేమ్‌ని కొత్తగా మళ్ళీ చేసి అమ్ముతున్న డెఫినిటివ్ ఎడిషన్ కొనుక్కోండి. పైన చెప్పిన మూడు తలనొప్పులూ వేరేవాళ్ళు కూర్చుని తీర్చిపెట్టారు కదా, మనం ఇచ్చే డబ్బు దానికే అనుకోండి.

ప్రశ్న: ఒకదానికి హెచ్‌డీ అంటారు, ఒకదానికి రీమాస్టర్డ్, ఇంకోదానికి డెఫినిటివ్, ఇంకోదానికి అల్టిమేట్ కలెక్షన్. ఏది కొంటే ఏమొస్తుందో కొంచెం చెప్పండి సార్. (విజయవాడ)

జవాబు: పేరు చూసి ఏమీ చెప్పలేమండి, ఎవరి ఇష్టం వాళ్ళది. లోపల ఎంత పని చేశారన్నదే చూడాలి. అన్నిటికన్నా తక్కువ పని ఏంటంటే పాత డాస్ గేమ్‌ని (విండోస్‌కి ముందు కాలంది) అలాగే ఉంచి దాని చుట్టూ పాత కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ చుట్టి ఇవ్వడం, ఆన్‌లైన్‌లో గేమ్‌లు అమ్మే పోలెండ్ వాళ్ళ జీఓజీ 2008 నుంచి చేస్తున్నది చాలావరకు ఇదే. ఇది చిన్నచూపు చూసే పని కాదు, గేమ్ గేమ్‌లాగే ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, అంతకన్నా ఏం కావాలి.

దానికి పైన బొమ్మలు మార్చేవి. అక్కడి నుంచి గేమ్ మొత్తం విప్పి మళ్ళీ బిగించేవి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఒక్కదానికే రెండూ ఉన్నాయి, 2013లో వచ్చిన హెచ్‌డీ పెద్ద స్క్రీన్‌కి పట్టేట్టు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ కొట్టులో నడిచేట్టు చేసిన సర్దుబాటు, 2019 నవంబర్‌లో వచ్చిన డెఫినిటివ్ మాత్రం బొమ్మలు, పాటలు, కంప్యూటర్ ప్లేయర్ తెలివి అన్నీ కొత్తవి. పొలం ఎండిపోతే దానంతటదే మళ్ళీ వేసుకునే సదుపాయం పెట్టారు చూడండి, పాతరోజుల్లో పొలాలు వెయ్యడం మర్చిపోయి ఓడిపోయినవాళ్ళకి ఆ ఒక్కటి చాలు. ఇంకో మంచి పని, 1999 నాటి కంప్యూటర్ ప్లేయర్‌ని కూడా లోపలే ఉంచారు, కావాలంటే దాంతోనే ఆడుకోవచ్చు.

దీన్ని తయారు చేసిన ఫర్‌గాటెన్ ఎంపైర్స్ వాళ్ళు మొదట కంపెనీ కాదు, అభిమానులు. ఒరిజినల్‌కి సొంతంగా ఒక మాడ్ (ఉన్న గేమ్‌కి అభిమానులు చేసే మార్పులు) చేసి వదిలారు, అది చూసి వాళ్ళకే 2013లో అధికారికంగా పని అప్పజెప్పారు.

ప్రశ్న: కమాండ్ అండ్ కాంకర్ కొందామని చూస్తే రెండు కలెక్షన్లు కనపడుతున్నాయి, రీమాస్టర్డ్ అని ఒకటి, అల్టిమేట్ అని ఒకటి. నాకు రెడ్ అలర్ట్ 2 అంటే ప్రాణం. ఏది తీసుకోమంటారు? (హైదరాబాద్)

జవాబు: రెడ్ అలర్ట్ 2 కోసమే అయితే అల్టిమేట్, రెండో మాట లేదు. అది 2024 మార్చిలో స్టీమ్‌కి వచ్చింది, టైబీరియన్ సన్, జనరల్స్, రెడ్ అలర్ట్ 3 అన్నీ ఉన్నాయి, కానీ అందులో పాతవి పాతవిగానే ఉంటాయి, రిజల్యూషన్ దగ్గరా స్పీడ్ దగ్గరా కొంచెం చేతిపని మీరే చేసుకోవాలి. ఇలా కట్టగట్టడం వీళ్ళకి కొత్త కాదు, 2006లోనే ఫస్ట్ డెకేడ్ అని 12 గేమ్‌లు ఒకే డీవీడీలో వేసి అమ్మారు.

రీమాస్టర్డ్ కలెక్షన్ సంగతి వేరు, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఈ పని ఎలా చెయ్యాలి అని ఎవరైనా అడిగితే నేను చూపించేది దీన్నే. ఇందులో ఉన్నవి రెండే గేమ్‌లు, 1995 నాటి మొదటిదీ (టైబీరియన్ డాన్ అంటారు కదా), 1996 నాటి రెడ్ అలర్టూ, వాటి మూడు ఎక్స్‌పాన్షన్లూ (గేమ్‌కి తర్వాత వచ్చే అదనపు భాగాలు). అసలు చేసింది లాస్ వెగాస్‌లోని వెస్ట్‌వుడ్ స్టూడియోస్, దాన్ని ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) కంపెనీ 1998లో కొని 2003లో మూసేసింది. అక్కడ పని చేసినవాళ్ళు కొందరు అదే ఊళ్ళో పెట్రోగ్లిఫ్ అని పెట్టుకున్నారు. రీమాస్టర్ చేద్దామనుకున్నప్పుడు ఈఏ మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళింది! బొమ్మలు మలేషియాలోని లెమన్ స్కై వాళ్ళు గీశారు, సంగీతం అప్పటి ఫ్రాంక్ క్లెపాకీయే, ఏడు గంటలకి పైగా ఉంది. 2020 జూన్ 5న 20 డాలర్లకి వదిలారు.

లోపల నడిచేది మాత్రం పాత కోడే. పైన కొత్త బొమ్మ, కింద పాత ఇంజిన్. సింగిల్ ప్లేయర్‌లో స్పేస్ బార్ కొడితే ఆడుతుండగానే 1995 నాటి చుక్కల చుక్కల బొమ్మలోకి వెళ్ళిపోద్ది, మళ్ళీ కొడితే 4కెలోకి వస్తది. ఏం మార్చామో దాచకుండా పక్కపక్కన పెట్టి చూపించడానికి ధైర్యం కావాలి. మధ్యలో వచ్చే వీడియోలకి అసలు మాస్టర్ టేపులు దొరకలేదు, అందుకని ఉన్నవాటిలో కాస్త నయంగా ఉన్న ప్లేస్టేషన్ వెర్షన్ తీసుకుని ఏఐ సాఫ్ట్‌వేర్‌తో పెద్దవి చేశారు, మొహాలు అక్కడక్కడ మైనపు బొమ్మల్లా ఉంటాయి, దానికి మనం సర్దుకుపోవాల్సిందే. 'బిల్డింగ్' అని చెప్పే ఆడగొంతు ఉంది కదా, ఆమె కియా హంట్‌జింగర్, పాతికేళ్ళ తర్వాత ఆమెతోనే మళ్ళీ డైలాగులు చెప్పించారు.

పాత కోడ్ ఉంచడంలో నష్టం కూడా ఉంది. ఖనిజం ఏరుకొచ్చే బండి హార్వెస్టర్ ఇప్పటికీ తెలివి లేకుండా శత్రువు మధ్యలోంచే వెళ్తది, ట్యాంకులు వంతెన దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బాగు చెయ్యొచ్చుగా అని చాలామంది తిట్టారు. అది బాగుచేస్తే పాత మిషన్ల కష్టం సులువు లెక్క మొత్తం మారిపోద్ది, ఆన్‌లైన్‌లో ఏళ్ళుగా ఆడేవాళ్ళు ఒప్పుకోరు, నేను వాళ్ళ వైపే. యూనిట్లని ఒకదాని తర్వాత ఒకటి క్యూలో పెట్టడం లాంటివి మాత్రం కలిపారు, ఒరిజినల్‌లో ఆ సుఖం లేదు.

విడుదలతో పాటే ఆ రెండు గేమ్‌ల కోడ్‌ని, ఎవరైనా మార్చుకుని వాడుకునే వీలున్న జీపీఎల్ లైసెన్స్ కింద జనానికి ఇచ్చేశారు. 2025 ఫిబ్రవరిలో అదే సిరీస్‌లోని జనరల్స్, జీరో అవర్, రెనిగేడ్ కోడ్ కూడా ఇచ్చారు. మీ రెడ్ అలర్ట్ 2 ఆ లిస్టులో లేదు, సారీ.

ప్రశ్న: హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 హెచ్‌డీ కొన్నాను. నాకిష్టమైన రెండు ఎక్స్‌పాన్షన్లూ అందులో లేవు! ఎక్కడైనా విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలా? (విశాఖపట్నం)

జవాబు: లేవండి, విడిగా కూడా రావు. 2015 జనవరిలో యూబీసాఫ్ట్ ఆ హెచ్‌డీ వదిలినప్పుడు ఆర్మగెడన్స్ బ్లేడ్, షాడో ఆఫ్ డెత్ పెట్టకపోవడానికి కారణం వాటి సోర్స్ కోడ్ దొరక్కపోవడం. జీఓజీలో కంప్లీట్ అని అమ్మేది కొనండి, బొమ్మలు పాతవే కానీ రెండూ ఉంటాయి. మీరు కొన్నది స్టీమ్‌లో అయ్యి 14 రోజులు దాటకపోతే, ఆడింది రెండు గంటల లోపే అయితే డబ్బులు వెనక్కి అడగొచ్చు.

ఇలా కోడ్ పోగొట్టుకోవడం అనేది మీరనుకునేంత అరుదు కాదు. హోమ్‌వరల్డ్ అని అంతరిక్షంలో ఓడల యుద్ధం, 1999ది. టీహెచ్‌క్యూ కంపెనీ దివాలా తీస్తే 2013 వేలంలో గేర్‌బాక్స్ ఆ హక్కుల్ని 13.5 లక్షల డాలర్లకి పాడుకుంది, 2015 ఫిబ్రవరిలో రెండు భాగాలూ రీమాస్టర్ చేసి, పాత వెర్షన్లు కూడా పక్కనే పెట్టి అమ్మింది, చాలా మంచి పని. కానీ మధ్యలో వచ్చిన కాటక్లిజం అందులో లేదు, ఎందుకంటే దాని కోడ్ కూడా పోయింది. తర్వాత 2017లో అది జీఓజీకి ఉన్నదున్నట్టు వచ్చింది, అదీ ఎమర్జెన్స్ అని పేరు మార్చుకుని, అసలు పేరు మీద ట్రేడ్‌మార్క్ అప్పటికే వార్‌క్రాఫ్ట్ చేసే బ్లిజార్డ్ కంపెనీ దగ్గర ఉంది మరి. ఉన్న ఆ రెండిట్లో కూడా మొదటి భాగాన్ని రెండో భాగం ఇంజిన్ మీద ఎక్కించేసరికి ఓడల వరసలు పాతట్టు నిలబడలేదని గోల అయింది, 2016లో ఒక పెద్ద ప్యాచ్ వచ్చాక గానీ సర్దుకోలేదు.

అందుకే ఏ కలెక్షన్ కొనేముందైనా అందులో ఏమున్నాయి అన్న లిస్టు చూసి ఆగిపోకుండా ఏం లేవో కూడా వెతకండి. అది కంపెనీవాళ్ళు రాయరు, కింద రివ్యూల్లో జనం రాస్తారు.

ప్రశ్న: వార్‌క్రాఫ్ట్ 3 పాతది నా దగ్గర ఉండేది, ఇప్పుడు తెరిస్తే రీఫోర్జ్డ్ అని వేరేది వస్తోంది. వార్‌క్రాఫ్ట్ 1, 2 జీఓజీలో కొందామంటే అక్కడ లేవు. డబ్బులు పెట్టి కొన్నదాన్ని ఇలా మార్చెయ్యొచ్చా? (డాలస్, అమెరికా)

జవాబు: బ్లిజార్డ్ వాళ్ళు మార్చేశారుగా. 2020 జనవరి చివర్లో వచ్చిన రీఫోర్జ్డ్ అసలుకే ఎసరు పెట్టింది. 2018లో చూపించిన కొత్త సీన్లు చాలావరకు లేవు, ర్యాంకుల లాడర్ లేదు, క్లాన్‌లు లేవు, పైగా రీఫోర్జ్డ్ కొననోళ్ళ పాత గేమ్ కూడా అదే కొత్త ప్రోగ్రాంలోకి మారిపోయింది కాబట్టి వద్దన్నవాళ్ళు కూడా తప్పించుకోలేకపోయారు. మెటాక్రిటిక్ అనే రివ్యూల సైట్‌లో జనం వేసిన మార్కులు 10కి 1 కూడా రాలేదు. అడిగినవాళ్ళకి డబ్బులు తిరిగిచ్చారు.

2024 నవంబర్ 13న మొదటి రెండు భాగాలూ రీమాస్టర్ చేసి, మూడోదానికి పెద్ద అప్‌డేట్ ఇచ్చి మూడూ కలిపి బ్యాటిల్ చెస్ట్ అని వదిలారు. ఇది పర్వాలేదు, పాత బొమ్మలకీ కొత్త బొమ్మలకీ మార్చుకునే వీలుంది. సరిగ్గా నెలకి, డిసెంబర్ 13న, 2019 నుంచి జీఓజీలో అమ్ముతున్న ఒరిజినల్ 1, 2 అమ్మకం ఆపించేశారు. అప్పటికే కొన్నవాళ్ళ దగ్గర నుంచి మాత్రం జీఓజీ లాక్కోలేదు, వాళ్ళ సెటప్ ఫైళ్ళు వాళ్ళవే. అక్కడ కొన్నవి హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ దించి పెట్టుకోండని నేను అందుకే చెప్తా. కొత్తది అమ్ముకోండి, ఎవరొద్దన్నారు, పాతదాన్ని షెల్ఫ్ నుంచి తీసెయ్యడం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవారట, ఇప్పుడు ఇద్దరూ కలిసి కొనమని నా ప్రాణం తీస్తున్నారు. ఇంట్లో ఉన్నది మామూలు ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. (తెనాలి)

జవాబు: కొనివ్వండి అమ్మా, గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు, మరీ పాతది కాకపోతే ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ చాలు. 30 జీబీ దాకా ఖాళీ ఉంచండి. 4కె బొమ్మల ప్యాక్ విడిగా ఫ్రీగా ఇస్తారు, అది మాత్రం ఎక్కించొద్దు, మీ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. రక్తపాతం పెద్దగా ఉండదు, చచ్చిన సైనికుడు కాసేపటికి ఎముకలైపోయి మాయమవుతాడు, అంతే. ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలీనివాళ్ళతో చాటింగ్ మాత్రం ఆపేసి ఇవ్వండి, అక్కడ వాడే భాష ఎముకలకన్నా ఘోరం.

వాళ్ళ నాన్న ఆడింది మొదటి భాగం అయితే, దానికి 2018లో డెఫినిటివ్ వచ్చింది కానీ కొనమని నేను చెప్పను, మనుషులు దారి వెతుక్కోవడం అందులో ఇప్పటికీ గందరగోళమే. రెండో భాగం కొని, 2023లో వచ్చిన రిటర్న్ ఆఫ్ రోమ్ కలుపుకుంటే మొదటి భాగం ఆట కొత్త ఇంజిన్ మీద వస్తుంది. 'వొలొలో' అంటూ మంత్రం చదివే పూజారి కూడా ఉంటాడు, వాళ్ళ నాన్న ఆనందపడతారు.

ప్రశ్న: సార్ ఇవన్నీ ఎక్కడో ఫ్రీగా దొరుకుతాయి కదా, పాత గేమ్‌లకి డబ్బులెందుకు? (కర్నూలు)

జవాబు: పాతబడితే హక్కు పోదు. పైగా ఎవరో విప్పి కట్టిన సెటప్ ఫైల్ ఎక్కించుకోవడం కొరివితో తల గోక్కోవడమే, అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కూడా ఉంటది. నిజంగా ఫ్రీగా ఇచ్చినవి ఉన్నాయి, అవి ఆడండి. స్టార్‌క్రాఫ్ట్ ఒరిజినల్‌ని 2017లో రీమాస్టర్ రాబోయే ముందు ఉచితం చేసేశారు. ఓపెన్‌ఆర్‌ఏ అనేది అభిమానులు రాసిన ఇంజిన్, రెడ్ అలర్ట్ దాంట్లో హాయిగా నడుస్తుంది. జీరో ఏడీ అని ఇంకోటి, 2001లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి మాడ్‌లా చేద్దామని మొదలై సొంత గేమ్ అయిపోయింది, మౌర్యులు కూడా ఉన్నారు, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్, ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్‌లో రాత్రిళ్ళు ఆడేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరు న్యూజెర్సీ, ఇద్దరు ఇక్కడ. ఒక్క కాపీ కొని నలుగురం ఆడొచ్చా? అప్పట్లో ఒక్క సీడీతోనే అందరం ఆడేవాళ్ళం. (హైదరాబాద్)

జవాబు: ఆ రోజులు పోయాయి బ్రదర్, నాలుగు కాపీలు కొనాల్సిందే. స్టీమ్‌లో ఫ్యామిలీ షేరింగ్ ఉంది కానీ ఒక కాపీని ఒకే టైంలో ఒకళ్ళే ఆడాలి. నెట్ సెంటర్‌లో వాడిన ఐపీఎక్స్ నెట్‌వర్క్‌ని విండోస్ విస్టా నుంచే తీసేశారు, ఇప్పుడు డెఫినిటివ్‌లో అంతా కంపెనీ సర్వర్ల మీదే, ఎనిమిదిమంది దాకా కలవచ్చు, ఎక్స్‌బాక్స్ ఉన్నోడు కూడా. దీపావళి టైంలోనో వేసవిలోనో సేల్ పెడతారు, అప్పుడు కొంటే నలుగురికీ కలిపి ఒక బిర్యానీ పార్టీ ఖర్చు. టైం కుదరడమే మీ అసలు సమస్య, వాళ్ళకి శుక్రవారం రాత్రి అంటే మీకు శనివారం పొద్దున, అదొక్కటే ఇద్దరికీ సెలవు.

ప్రశ్న: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ల మన కాకతీయులు ఉన్నరా? రుద్రమదేవి? (వరంగల్)

జవాబు: పేరు పెట్టి లేరు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని వచ్చింది, అంతకుముందు మొత్తం ఇండియాని ఒకే ముద్ద చేసి ఇండియన్స్ అన్నారు, దాన్ని విడగొట్టి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అని చేశారు. మనం ఆ చివరిదాంట్లో సర్దుకోవాలి. ద్రవిడుల క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది, అందులో మనకి చుట్టరికం ఉంది లెండి, ఆయన చెల్లెలు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికి ఇచ్చారు, వాళ్ళ కొడుకు రాజరాజనరేంద్రుడు, నన్నయ్య ఉన్నది ఆయన ఆస్థానంలోనే, ఆ నరేంద్రుడికే మళ్ళీ రాజేంద్రుడు తన కూతురు అమ్మంగదేవినిచ్చాడు, మేనరికం అన్నమాట.

రుద్రమదేవి కావాలంటే గేమ్‌లోనే సినారియో ఎడిటర్ ఉంది. ద్రవిడుల్ని తీసుకోండి, ఓరుగల్లుకి రాతి గోడ లోపల ఒకటి, బయట మట్టి కోట బదులు కొండలు లేపి ఇంకోటి చుట్టండి, కందకానికి నీళ్ళు గీసుకోవచ్చు, దేవగిరి యాదవులకి హిందుస్తానీలని పెట్టండి, పూర్తిగా సరిపోదు కానీ గుర్రాలు వస్తాయి. ట్రిగ్గర్లు మొదట్లో విసిగిస్తాయి, ఒక మనిషి ఒక చోటికి వస్తే ఒక డైలాగ్ రావాలి అన్నదాంతో మొదలెట్టండి. పూర్తయితే గేమ్ లోపలి మాడ్స్ మెనూ నుంచే పైకి ఎక్కించొచ్చు, మాకో లెటర్ రాయండి, నేను దించుకుని ఆడతా.